మూలన అంకె లేని చీటీలు

"మాటలు ఏరుకొచ్చే ఉద్యోగం కూడా ఒకటుంటుందా తాతా?" అని మా వీధి పిల్లలు నవ్వుతారు. ఎందుకుండదు? నేను చేశాను. పంతొమ్మిది వందల అరవైల్లో మా నెల్లూరు తీరం వెంట చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళన్నీ తిరిగి, వలలో ప్రతి ముడికీ, పడవలో ప్రతి చెక్కకీ వాళ్ళేమంటారో అడిగి రాసుకొచ్చేవాణ్ణి. మాది అల్లూరు పక్క వరి పండించే ఇల్లు. కొడుకు ఏం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తోచక మా నాయన, "ఏందో రాస్తాడంట లేబ్బా" అని మాట తప్పించేవాడు.

ఇప్పుడు మీలో చాలామంది కంప్యూటర్ల ముందు కూర్చుని తెలుగు మాటలతోనే పని చేస్తున్నారని విన్నాను. మహా సంతోషం. అందుకే నా గొప్పలన్నీ పక్కన పెట్టి నేను చేసిన ఒక వెధవపని చెబుతాను. ఒకరి గొప్పలు వింటే ఇంకొకరికి నిద్ర తప్ప ఏమీ రాదు.

నెల్లూరులో రెండు గదుల ఆఫీసు మాది. మనుషులం ముగ్గురం. మా సార్ సన్నగా ఉండేవారు, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు కలాలు. కోపం వస్తే అరిచేవారు కాదు, కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు. ఎంతసేపు తుడిస్తే అంత కోపమని మా లెక్క. రెండో మనిషి మా అక్క. సొంత అక్క కాదు. అంతకుముందు బళ్ళో పాఠాలు చెప్పి, మా ఆఫీసుకు చీటీలు చూడటానికి వచ్చింది. నాకంటే పదేళ్ళు పెద్ద, నోరు మాత్రం ఇరవై ఏళ్ళు పెద్ద. మూడోవాణ్ణి నేను, తిరిగేవాణ్ణి.

సార్ పెట్టిన నియమాలు రెండే. ఒక్కో మాటకు ఒక్కో చీటీ. చీటీ పైమూలన ముందు ఊరి అంకె వెయ్యాలి, ఆ తర్వాతే మాట రాయాలి. ఇది మొదటిది. చెప్పే మనిషి ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడై ఉండాలి. ఇది రెండోది. ఈ రెండూ ఎన్నిసార్లు చెప్పారంటే, నాకు కలవరింతల్లో కూడా వచ్చేవి. వింటే ఏం లాభం?

పులికాట్ సరస్సు దాటితే, సరస్సుకూ సముద్రానికీ నడుమ ఇసుక మీద మూడు ఊళ్ళున్నాయి. అప్పటికి ఆ వైపు రాకెట్ల మాటే లేదు. ఎండలో, ఉప్పుగాలిలో కూర్చుని రాస్తున్నాను. మూడూళ్ళకూ కలిపి వెయ్యి చీటీల పైమాటే. వెయ్యిసార్లు మూలన అంకె వేస్తూ కూర్చోవడమా అని విసుగు పుట్టింది. నాకొక తెలివి తోచింది. మూడు బిస్కెట్ డబ్బాలు తెచ్చుకున్నాను. ఒక్కో ఊరి చీటీలు ఒక్కో డబ్బాలో. ప్రతి డబ్బాలోనూ పైన నాలుగు చీటీలకు అంకె వేశాను. మిగతావి ఆఫీసుకు పోయాక తీరిగ్గా వేసుకోవచ్చులే, మూడు డబ్బాలు మూడూళ్ళు, ఇంత సులువైన సంగతి ఎవడు మరిచిపోతాడు అనుకున్నాను. నా అంతటి తెలివిగలవాణ్ణి నేనే అని మురిసిపోయాను కూడా.

తిరిగొస్తూనే చలిజ్వరం పట్టుకుంది. డబ్బాలు ఆఫీసులో పెట్టి ఇంటికి పోయి రెండు వారాలు మంచం మీద పడున్నాను. కాస్త కోలుకుని ఆఫీసుకొచ్చేసరికి అక్క బీరువా ముందు నిలబడి ఉంది. గళ్ళ బీరువా అది, అకారం నుంచి వరసగా ఒక్కో అక్షరానికి ఒక్కో గడి. ఆమె చేతిలో చీటీ ఒకటి.

"ఏందబ్బయా ఇది, మూల బోడిగా ఉండాది?" అంది.

"డబ్బాలేవి అక్కా?" అన్నాను.

"డబ్బాలేంది? ఎప్పుడో ఖాళీ చేసినా. అన్నీ కలిపి వరసలో పెట్టేసినా."

గడి లాగి చీటీలు గబగబా తిరగేశాను. వేరే ఊళ్ళ చీటీలన్నిటికీ అంకెలున్నాయి కాబట్టి బోడి చీటీలు ఆ మూడూళ్ళవేనని తెలుస్తుంది. కానీ మూడింట్లో ఏది ఏ ఊరిది? అంతా నా చేతిరాతే, అంతా ఒకే కలం. నేను బెంచీ మీద కూలబడి సంగతి చెప్పాను. అక్క తిడుతుందని తల వంచుకున్నాను. తిట్టలేదు. ఆమె ముఖమూ పాలిపోయింది.

"పైన నాలుగు చూసి నమ్మినాను. మిగతావి మొదటక్షరం చూసి సర్దినానే గాని మూల చూడలేదు. తిలాపాపం తలా పిడికెడు" అంది.

మామూలు రోజుల్లో అయితే మళ్ళీ సరస్సు దాటి పోయి రాసుకొచ్చేవాణ్ణి. కానీ తొమ్మిది రోజుల్లో నెల్లూరులోనే పెద్ద సదస్సు ఉంది. భాషాశాస్త్రం చదివిన పెద్దలంతా వస్తున్నారు. మా పథకం ఇంకా నడవాలా, మూసేయాలా అనేది వాళ్ళే చెబుతారు. సార్ నాలుగేళ్ళ కష్టమంతా అక్కడ ఒక్క పటంగా గోడకెక్కబోతోంది. తీరంలో ఉత్తరం వైపు తెలుగు ఎక్కడ ఆగుతుంది, అరవం కలిసిన దక్షిణం వైపు తెలుగు ఎక్కడ మొదలవుతుంది అనేది ఆ పటం చెప్పాలి. ఆ రెండూ కలిసే చోటు సరిగ్గా ఆ మూడూళ్ళే. అవి లేకపోతే పటం నడుమ పెద్ద బొక్క. సార్ తన వ్యాసం రాసుకోవడానికి మద్రాసు పోయి ఉన్నారు. పటం గీసి ఉంచమని అక్కకు చెప్పి మరీ పోయారు. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు అప్పుడే వాయుగుండం పట్టింది. సరస్సులో పడవ విప్పేవాడు లేడు.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు పొద్దున వానను చూస్తూ కూర్చుంటే, ఆ ఊళ్ళకు పోయేటప్పుడు నాతో పడవెక్కిన సాయిబు గుర్తొచ్చాడు. సూళ్లూరుపేట మనిషి. వలలు అల్లుకునే నూలూ, వలలు నీళ్ళలో కుళ్ళకుండా ఉడికించి పట్టించే తుమ్మచెక్కా, వల అంచులకు కట్టే సీసపు గుండ్లూ తీరం వెంట పది పన్నెండు ఊళ్ళు తిరిగి అమ్మేవాడు. పడవ ఒక్కో ఊరి దగ్గర ఆగినప్పుడల్లా ఆయన నోటి మాట మారిపోయేది. అదే సరుకు, ఊరికో పేరు. నేను ఆశ్చర్యపోతే, "వాళ్ళ మాటలో అడగకపోతే వాళ్ళ సొమ్ము నా చేతికెట్టా వస్తాది అబ్బాయా?" అని నవ్వాడు.

నేను అరిచిన అరుపుకు అక్క చేతిలో సిరాబుడ్డి జారబోయింది.

వెంటనే రైలెక్కాను. గూడూరు ప్లాట్‌ఫారం నిండా నిమ్మకాయల బస్తాలు తడుస్తూ ఉన్నాయి. ఆ వాసన నాకు మామూలుగా ఎంతో ఇష్టం, ఆ రోజు దాని వైపే ధ్యాస పోలేదు. సూళ్లూరుపేటలో సాయిబు ఇంటి అరుగు మీద కూర్చుని నూలు చుట్టలు, ఆయన మాటలో చిలపలు, సర్దుకుంటున్నాడు. నేను చెప్పిందంతా విని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మూడూళ్ళోళ్ళ మాటలూ కలేసినావా! వాళ్ళకు తెలిస్తే నిన్ను ఊళ్ళో అడుగు పెట్టనిస్తారా?"

"నవ్వబాక అన్నా. నువ్వు రాకపోతే మా సార్ పరువు పోతాది. మా ముగ్గురి పనీ పోతాది."

"వానకు నాకు మాత్రం పనేముండాది? పద" అని తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

మూడు రోజులు పట్టింది. ఆయనకు చదువు రాదు. నేల మీద చాప వేసుకుని కూర్చుని, తన సంచీలోంచి మూడు వస్తువులు తీసి ముందు పెట్టుకున్నాడు: నూలు చిలప, తుమ్మచెక్క, సీసపు గుండు. ఒక్కోటి ఒక్కో ఊరికి గుర్తు. నేను మాట చదివి అర్థం చెబుతాను. ఆయన కళ్ళు మూసుకుంటాడు. ఆ ఊళ్ళో ఆ మాట ఎవరి నోట విన్నాడో ఆ మనిషి కనబడేదాకా నోరు విప్పడు. "ఇది మా ముసలామె మాట. పెట్టు, చెక్క కింద" అంటాడు. మూడూళ్ళలోనూ ఒకటే అయిన మాటలకు ఎలాగూ చిక్కు లేదు, తలా ఒకటి పెట్టేశాం. అక్క పక్కనే కూర్చుని పెట్టిన చీటీకి పెట్టినట్టే అంకె వేసింది. ఆ మాటలేవో ఇక్కడ రాయను. ఒకటి రాస్తే పక్క ఊరివాడు లేచి అది మాది కాదంటాడు, ఆ తగువు ఈ వయసులో నాకొద్దు.

చివరికి కొన్ని చీటీలు మిగిలాయి. తెడ్డు పిడి, తెప్ప ముందుకొన, అలల మీద తిరిగేటప్పుడు ఒకరినొకరు హెచ్చరించుకునే మాటలు. సాయిబు తల అడ్డంగా ఆడించాడు.

"ఇవి సముద్రంలో అనే మాటలు. నేను ఒడ్డు మీద బేరగాణ్ణి. నాకు తెలీదు."

"ఏదో ఒకటి చెప్పన్నా. గుప్పెడు చీటీలే కదా, ఎవరు చూడొస్తారు?"

ఆయనకు మొదటిసారి కోపమొచ్చింది. "తెలీందాన్ని తెలిసినట్టు చెప్తే, రేపు ఆ ఊళ్ళో నేను దిగేది ఏ మొకం పెట్టుకుని? తెలీదంటే తెలీదు. అట్నే వదిలెయ్."

వదిలేశాం. అక్క పటం గీసింది. మాట తెలిసిన ఊరికి నల్లగా నింపిన చుక్క, తెలియని చోట ఖాళీ సున్నా. సదస్సు ముందురోజు సాయంత్రం సార్ మద్రాసు నుంచి దిగారు. పటం చూసి, "ఈ సున్నాలేమిటోయ్, ఈ మూడూళ్ళలోనే ఉన్నాయి?" అన్నారు.

"అక్కడ చెప్పినవాళ్ళకు ఆ మాటలు తెలియలేదు సార్" అన్నాను.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది బాగానే అతికింది. సార్ నమ్మారు. అక్క మాత్రం నా వైపు చూడలేదు.

సదస్సు రోజు హాలు కిటకిటలాడింది. నాలాంటి తిరిగేవాళ్ళం వెనక గోడ వారగా చీటీల పెట్టెలు పట్టుకుని కూర్చోవాలి, నోరెత్తకూడదు. అది ఆనవాయితీ. తన మాటల్ని ఏం చేస్తారో చూడాలని సాయిబూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పొద్దున గోదావరి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన యంత్రాల గురించి మాట్లాడారు. మాటల్ని అట్టముక్కల మీద చిల్లులుగా పొడిచి యంత్రంలో వేస్తే, మనుషులు నెలల తరబడి చేసే వరస అది గంటలో చేస్తుందట. ఏమంటున్నాడని సాయిబు అడిగితే చెప్పాను. "ఆ మిషను మన ఊళ్ళు తిరిగిందంటనా?" అని నా చెవిలో అన్నాడు.

తర్వాత సార్ వంతు. ఎంత బాగా మాట్లాడారో! నేను తిరిగిన ఊళ్ళు, నేను తాగిన ఉప్పునీళ్ళు, అన్నీ ఆ పటంలో కనబడుతున్నాయి. చప్పట్లు కొట్టారు. కొట్టగానే గోదావరి పెద్దాయన లేచి పటం దగ్గరకు నడిచారు.

"ఏవండీ, ఈ ఖాళీ సున్నాలేవిటండీ?"

"అక్కడివాళ్ళకు ఆ మాటలు తెలియవండి" అన్నారు సార్.

"తెడ్డు పిడికి పేరు తెలియని జాలరి ఉంటాడటండీ? పైన ఊళ్ళలో తెలుసు, కింద ఊళ్ళలో తెలుసు. ఈ మూడూళ్ళ వాళ్ళూ తెడ్డు లేకుండా చేతులతో తోసుకుపోతారా ఏవిటి?"

హాలంతా నవ్వింది. సార్ ముఖం ఎర్రబడింది. "మా అబ్బాయి అక్కడే ఉన్నాడు, అతనే చెబుతాడు" అని నా వైపు చెయ్యి చూపించారు.

నేను లేచాను. ఇంకో చిన్న అబద్ధం చాలు, ముసలివాళ్ళు మరిచిపోయారనో, మగవాళ్ళు దొరకలేదనో. నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన సాయిబు తల దించుకుని కూర్చుని ఉన్నాడు. తనకు తెలియదని చెప్పిన పాపానికి మూడూళ్ళకు మూడూళ్ళూ తెలివితక్కువవైపోయాయి. ఆ మూడూళ్ళలో ఒకచోట నాకు తెడ్డు పట్టుకుని చూపించి, రెండు మూడుసార్లు నింపాదిగా పలికి చెప్పిన మనిషి కళ్ళ ముందు కనబడ్డాడు.

"అక్కడ మాట ఉందండి. వాళ్ళు చెప్పారు. నేనే పోగొట్టాను" అన్నాను.

ఇక ఆగలేదు. డబ్బాలు, జ్వరం, బోడి మూలలు, నూలు చిలప, తుమ్మచెక్క, నిన్న సార్‌కు చెప్పిన అబద్ధం, అన్నీ కక్కేశాను. మధ్యలో అక్క కూడా లేచి, "నా తప్పు కూడా ఉంది సార్" అంది. సార్ కళ్ళజోడు తీశారు. తుడుస్తున్నారు, తుడుస్తున్నారు, అంతసేపు తుడవడం నేనెప్పుడూ చూడలేదు. అయిపోయింది, మన కథ కంచికే అనుకున్నాను. చిత్రమేమిటంటే, అంత భయంలోనూ పది రోజుల తర్వాత మొదటిసారి నాకు ఆకలేసింది.

గోదావరి పెద్దాయన, "ఆ సాయిబు గారెక్కడండీ?" అన్నారు.

సాయిబు లేచి నిలబడ్డాడు. పెద్దాయన ఆయన్ని ముందుకు పిలిచి కుర్చీ వేయించారు. తర్వాత మా పెట్టెల్లోంచి అంకెలున్న చీటీలు, అంటే వేరే ఊళ్ళవి, సాయిబు తిరిగే ఊళ్ళవి, తోచినట్టు లాగారు. మూలన అంకె మీద బొటనవేలు అడ్డం పెట్టి నా చేత మాట చదివించారు. సాయిబు ఊరి పేరు చెబుతాడు, పెద్దాయన వేలు తీస్తారు. మొదటిది సరిపోయింది. రెండోదీ సరిపోయింది. మూడోది సముద్రపు మాట. "నాకు తెలీదయ్యా" అన్నాడు. నాలుగు, ఐదు సరిపోయాయి. ఆరోది చదివాను. సాయిబు ఒక ఊరు చెప్పాడు. పెద్దాయన వేలు తీసి చూసి నిట్టూర్చారు.

"కాదండీ. ఇక్కడ వేరే ఊరి అంకె ఉంది."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. సాయిబు మాత్రం జంకలేదు. "ఆ ఊళ్ళో అట్టా అనరయ్యా. ఒకవేళ ఎవురన్నా అనుంటే ఆమె ఆ ఊరికి కోడలుగా వచ్చిన మనిషై ఉంటాది. పుట్టిల్లు నేను చెప్పిన ఊరే అయ్యుంటాది. అడిగి చూడండి" అన్నాడు.

పెద్దాయన చీటీని సార్‌కు అందించారు. సార్ కళ్ళజోడు పెట్టుకుని చూశారు. మళ్ళీ చూశారు. ఆ చీటీ నాది కాదు. నేను ఉద్యోగంలో చేరకముందు సార్ స్వయంగా రాసుకొచ్చింది.

"ఇది నా చేతిరాతే" అన్నారు మెల్లగా. "ఆ రోజు మగవాళ్ళంతా వేటకు పోయారు. గుమ్మంలో ఒకావిడ ఉంటే ఆవిణ్ణి అడిగాను. పుట్టిల్లు ఎక్కడమ్మా అని అడగలేదు."

నియమాలు రెండే. మొదటిది నేను తప్పాను, రెండోది వాటిని పెట్టిన మహానుభావులే తప్పారు! సార్ నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. ముందు ఎవరు నవ్వారో తెలియదు. ఆయన భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వారు. హాలంతా నవ్వింది, సాయిబు మాత్రం ఇందులో నవ్వేందుకేముందన్నట్టు చూస్తున్నాడు.

గోదావరి పెద్దాయన నవ్వలేదు. "ఈ సున్నాలు ఖాళీగా వదిలేశారు చూడండీ, అందుకే నల్ల చుక్కల్ని నమ్ముతున్నాను. నా యంత్రానికైనా ఇంతేనండీ. మూలన చిల్లు పొడవకపోతే ఎంత పెద్ద యంత్రమైనా ఏం చెబుతుంది?" అన్నారు. మూడూళ్ళూ మళ్ళీ తిరిగి సరిచూడాలనీ, అందాకా పటం మీద ఆ సంగతి రాసి ఉంచాలనీ, పథకం కొనసాగాలనీ ఆయనే గట్టిగా చెప్పారు. అక్క కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "అమ్మయ్య! ఇంక తిందాం పద, ఆకలికి చస్తుండా" అంది. ఆ రోజు నేను తిన్నంత అన్నం ఎప్పుడూ తినలేదు.

భోజనాల దగ్గర సార్ నా పక్కన ఆగారు. "నాతో ముందే ఎందుకు చెప్పలేదోయ్?"

"మీరు కళ్ళజోడు తుడుస్తారని సార్."

ఆయనకు అర్థం కాలేదు. నేనూ విడమర్చి చెప్పలేదు.

సరస్సు తేరుకున్నాక మళ్ళీ పోయాను. చెక్క గుర్తు పెట్టిన ఊళ్ళో పడవ దిగీ దిగగానే ఆడవాళ్ళంతా ఒకరినొకరు పొడుచుకుని నవ్వడం మొదలుపెట్టారు. సాయిబు నాకంటే ముందే వచ్చి నా భాగోతమంతా చెప్పేసిపోయాడట. సాయిబు "మా ముసలామె" అన్న ఆ మనిషి నన్ను గుమ్మం ముందు కూర్చోబెట్టి, తను ఎదురుగా చతికిలబడింది. వల బాగుచేసుకుంటూ నా చేతుల వైపే చూస్తోంది.

"మా మాటలు తీసకపోయి ఎవురివీ కాకుండా చేసినావంటనే?"

"తప్పైపోయిందమ్మా."

"ఈసారి ముందు మా ఊరి గుర్తెయ్. ఏసి నాకు చూపించు. అప్పుడే చెప్తా."

ఖాళీ చీటీ తీసి మూలన అంకె వేసి ఇచ్చాను. ఆమెకు చదువు రాదు. అయినా చీటీని వెలుగుకు ఎత్తి పట్టుకుని, ఆ మూలను బొటనవేలితో తడిమి చూసింది.

"ఇది మా ఊరేనా?"

"మీ ఊరేనమ్మా."

చీటీ నా చేతిలో పెట్టి, "అయితే అడుగు" అంది.